స్కానర్ చెప్పింది సరే... మీరేమంటారు?

క్యాంపస్ సీజన్ మొదలైందంటే రెజ్యూమెల్లో టూల్స్ పేర్లు బారులు తీరతాయి. సోనార్‌క్యూబ్, సెమ్‌గ్రెప్, కోడ్‌క్యూఎల్, బ్యాండిట్... సైబర్ సెక్యూరిటీ వైపు వెళ్లాలనుకునేవాళ్ల దగ్గరైతే ఈ జాబితా ఇంకా పొడుగు. తప్పేం లేదు. కానీ ఇంటర్వ్యూలో ‘ఈ స్కానర్ మీ ప్రాజెక్టులో 40 హెచ్చరికలు చూపించింది. ముందు ఏది సరిచేస్తారు? ఎందుకు?’ అని అడిగితే ఏం చెప్తారు? నా ఉద్దేశంలో మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టేది టూల్స్ జాబితా కాదు, ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబు.

అసలు ఈ స్కానర్ ఏం చేస్తుంది? ప్రోగ్రామ్‌ను రన్ చేయకుండానే సోర్స్ కోడ్ చదివి, లోపం ఉండొచ్చని తోచిన చోట్లను వేలు పెట్టి చూపిస్తుంది. దీన్ని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. సీ ప్రోగ్రాముల్లో అనుమానం కలిగించే వాక్యాలను వెతికే ‘లింట్’ను 1970ల్లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాశారు. ఇప్పటి టూల్స్ ఇంకా లోతుకు వెళ్తాయి. మీ లాగిన్ పేజీలో యూజర్ టైప్ చేసింది నేరుగా ఎస్‌క్యూఎల్ క్వెరీలో అతికించేశారనుకోండి. ఆ డేటా ఎక్కడ లోపలికొచ్చింది, ఏయే ఫంక్షన్ల గుండా వెళ్లింది, మధ్యలో ఎక్కడైనా దాన్ని సరిచూశారా, చివరికి డేటాబేస్‌ను చేరిందా అని దారి పట్టుకుని పోతాయి. సరిచూడకుండానే చేరితే ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’ అని హెచ్చరిస్తాయి. వేల ఫైళ్లను ఒక మనిషి ఇలా చదవాలంటే ఎన్ని రోజులు పడుతుందో ఆలోచించండి. అందుకే స్కానర్ వద్దని ఎవరూ అనరు. ఏఐతో కోడ్ రాయించుకుంటున్న ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా పెరిగింది.

మరి అన్నీ అదే చేస్తుంటే ఫ్రెషర్‌తో పనేంటి అంటారా? ఉంది. థియరీ ఆఫ్ కంప్యుటేషన్ పేపర్ కోసం హాల్టింగ్ ప్రాబ్లం చదివే ఉంటారు. 1936లో అలాన్ ట్యూరింగ్ తేల్చిన ఆ విషయం పరీక్షతో అయిపోలేదు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా తప్పులన్నీ పట్టుకుని, తప్పు లేనిచోట మాత్రం నోరెత్తని స్కానర్ సాధ్యం కాదన్నది దాన్నుంచి వచ్చే మాటే. కాబట్టి ప్రతి టూల్ ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సిందే. కొన్నిసార్లు లేని లోపాన్ని చూపిస్తుంది. కొన్నిసార్లు ఉన్నదాన్ని వదిలేస్తుంది.

లేనిదాన్ని చూపించడం చిన్న విషయం కాదు. ‘నాన్నా పులి’ కథ తెలిసిందేగా! పది హెచ్చరికలు ఉత్తవేనని తేలాక, పదకొండోదాన్ని డెవలపర్ చదవకుండానే మూసేస్తాడు. నిజమైన పులి అదే కావొచ్చు.

వదిలేయడానికి ఉదాహరణ హార్ట్‌బ్లీడ్. ఇంటర్నెట్‌లో ఎన్నో సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 2012లో విడుదలైన వెర్షన్‌తో ఈ లోపం వచ్చింది. అవతలివాడు చిన్న సందేశం పంపి, ‘దీని పొడవు ఇంత’ అని పెద్ద అంకె చెప్తే, సర్వర్ ఆ అంకెను నమ్మి తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా తిరిగి పంపేసేది. అందులో పాస్‌వర్డ్‌లుండొచ్చు, రహస్య కీలుండొచ్చు. పొడవు సరిచూసే ఒక్క చెక్ లేకపోవడమే కారణం. రెండేళ్లకు పైగా అది అలాగే ఉంది. కవరిటీ లాంటి పేరున్న స్కానర్‌కూ చిక్కలేదు. 2014లో గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనోమికాన్ ఇంజినీర్లు ఎవరికి వారు దాన్ని కనిపెట్టారు. ఆ తర్వాతే కవరిటీవాళ్లు ఇలాంటివాటిని పట్టే పద్ధతిని తమ టూల్‌కు జోడించారు. అంటే ముందు మనిషి చూశాడు, తర్వాత టూల్ నేర్చుకుంది.

ఇంకో రకం ఉంది. రిజల్ట్స్ పేజీ అడ్రస్‌లో హాల్‌టికెట్ నంబర్ మారిస్తే పక్కవాడి మార్కుల మెమో తెరుచుకుందనుకోండి. కోడ్‌లో ప్రతి లైనూ శుభ్రంగానే ఉంటుంది. ఆ మెమో ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో స్కానర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే. ఓవాస్ప్ 2021 జాబితాలో మొదటి స్థానం ఇలాంటి యాక్సెస్ కంట్రోల్ లోపాలదే. ఇక్కడ అప్లికేషన్ ఎవరి కోసమో, ఎలా వాడతారో తెలిసిన బుర్ర కావాలి.

అందుకే ‘నెల రోజుల్లో సెక్యూరిటీ ఎక్స్‌పర్ట్’ అనే సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక్క పని చేయండి. మీ ఫైనలియర్ ప్రాజెక్టే తీసుకోండి. పైథాన్‌లో ఉంటే బ్యాండిట్ ఉచితం. గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెడితే కోడ్‌క్యూఎల్ స్కానింగూ ఉచితమే. వచ్చిన హెచ్చరికలను బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్కటీ చూడండి. ఏది నిజం, ఏది ఉత్తది, ఎందుకు? నిజమైనదాన్ని ఎలా సరిచేశారు? స్కానర్ చూపించనిది మీకేమైనా కనిపించిందా? రెండు పేజీల్లో సొంత మాటల్లో రాసి, ఆ లింకు రెజ్యూమెలో పెట్టండి. ప్రాజెక్టు కొనుక్కొచ్చినవాళ్లు ఈ రెండు పేజీలు రాయలేరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రయోగాలన్నీ సొంత కోడ్ మీదే. కాలేజీ వెబ్‌సైటే కదా అని అనుమతి లేకుండా కెలికితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సాధన కోసం ఓవాస్ప్ వాళ్లే కావాలని లోపాలతో తయారుచేసిన జ్యూస్ షాప్, వెబ్‌గోట్ ఉన్నాయి. ఈ ఆదివారం వాటిలో ఒకదాన్ని మీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, స్కానర్ నడిపే ముందు మీ కంటికి ఎన్ని లోపాలు కనిపిస్తాయో లెక్కపెట్టి చూడండి.