ప్రసూతి 'సమస్య' కార్డా?

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌ని ఆటలతో నేర్పడానికి నేను వ్యతిరేకిని కాను. గడువు, బడ్జెట్, మధ్యలో మారిపోయే కస్టమర్ కోరికలు ఉపన్యాసాలతో తలకెక్కవని పాఠం చెప్పేదాన్ని కనుక నాకు తెలుసు. 2003 నాటికే అమెరికాలో, ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 'ప్రాబ్లమ్స్ అండ్ ప్రోగ్రామర్స్' అనే ముక్కలాట తయారైంది. అందులో ప్రోగ్రామరంటే ఒక కార్డు. దానిమీద జీతం, నైపుణ్యం, స్వభావం. ఎదుటివాళ్ళ మీద సమస్య కార్డు వేసి వాళ్ళ పనిని దెబ్బతీయొచ్చు. డిజైన్ ఎగ్గొట్టి కోడ్ రాసినవాళ్ళు ఎలా మునుగుతారో ఆడితేనే తెలుస్తుంది.

దాన్ని చూసి మా కాలేజీలోనూ ఒకటి తయారుచేశారు. సమస్య కార్డుల కట్టలో 'సర్వర్ చెడిపోయింది' పక్కనే 'ఉద్యోగినికి ప్రసూతి సెలవు: రెండు వంతులు నష్టం'! ఆ కార్డు పడగానే మగపిల్లలు ఘొల్లున నవ్వుతారు. తర్వాతి ఆటలో ఆడపేరున్న ప్రోగ్రామర్ కార్డుని ఎవరూ తీసుకోరు, ఆడపిల్లలతో సహా. గెలవాలంటే అదే తెలివైన ఎత్తు మరి. మార్కులూ దానికే. రేపు ఇంటర్వ్యూలో "పెళ్ళెప్పుడు?" అని అడగబోయేది వీళ్ళు కాదా?

"వాస్తవమే కదా మేడమ్" అన్నారు సహోద్యోగులు. ఎవరి వాస్తవం? 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు, 50 మంది, ఆపైన పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం హక్కులయ్యాయి. నెలల ముందే తెలిసే సెలవుని లెక్కలోకి తీసుకోకపోవడం మేనేజర్ చేతగానితనం. నేర్పాల్సిన పాఠం అదీ! ఆ కార్డుని సమస్యల కట్టలోంచి తీసి ప్రాజెక్టు షరతుల్లో పెట్టండి. ముందుగా మరో మనిషిని కేటాయించుకోని జట్టుకి మార్కులు తగ్గించండి. అందాకా ఆ ఆటకి నేను మార్కులు వేయను.