విమానం కట్టుకోవాలా, కొనుక్కోవాలా?

పిల్లలూ, “అమెరికాలో విమానాన్ని ఇంట్లోనే తయారుచేసుకుంటారట, నిజమేనా?” అని ఒక పాఠకుడు అడిగాడు.

నిజమే! ఆరెగన్ రాష్ట్రంలోని వాన్స్ అనే కంపెనీ రెక్కలూ, తోకా, రేకులూ పెట్టెల్లో సర్ది పంపుతుంది. కొన్నవాడు తన షెడ్డులో వేలకొద్దీ రివెట్లు కొట్టి వాటిని బిగించుకుంటాడు. సగానికి మించిన పని సొంతంగా చేయాలని అక్కడి నియమం. అలా కట్టిన ఆర్‌వి-7 గంటకు 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. 1956 నుంచి తయారవుతూ వచ్చిన సెస్నా-172 ఇంచుమించు అంతే బలం గల ఇంజనుతో 220 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే, సెస్నాలో నలుగురు కూర్చోవాలి. అందుకని దాని ఒళ్లు పెద్దది, రెక్కలు పెద్దవి, రెక్కల కింద ఊతకమ్మీలు కూడానూ. గాలి వీటన్నిటినీ పట్టి వెనక్కు లాగుతుంది. ఆర్‌వి-7లో ఇద్దరికే చోటు.

మరి పాత సెస్నా ఎవరు కొంటారంటారా? దాని నమూనాను ప్రభుత్వం ఏనాడో పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చింది. మెకానిక్కు చూసి బాగుందంటే, మర్నాడే ఇంటిల్లిపాదీ ఎక్కవచ్చు. కాకపోతే ఇష్టం వచ్చిన మార్పులు చేయరాదు.

కట్టుకున్న విమానం మీద “ప్రయోగాత్మకం” అని రాసి ఉండాలి. మొదట కొన్ని పదుల గంటలు ప్రయాణీకులు లేకుండా ఎగిరి పరీక్షించాలి. తాను బిగించిన బోల్టు సంగతి ఆకాశంలో తేలుతుందన్నమాట!

పైగా కట్టడానికి 1,500 గంటలో, ఇంకా ఎక్కువో పడుతుంది. కొడుకు అయిదో తరగతిలో ఉండగా తండ్రి మొదలుపెడితే, వాడు హైస్కూలు దాటేదాకా సాగవచ్చు. పిల్లలున్న ఇంటికి పాత సెస్నాయే మేలని నేనంటాను. రివెట్లు కొట్టడమే సరదా అయినవాడు నా మాట వినడనుకోండి!