కిస్తీ మనది, కబురు మాత్రం మనకు రాదు

టీవీ అడుగున సెన్సెక్స్ అంకెలు పొద్దంతా పరుగెడుతూనే ఉంటాయి. మా ఆత్మకూరులో ఆ అంకె మీద ఆధారపడి నడిచే ఇళ్ళు ఎన్ని ఉంటాయి? మన వంటింటినీ, మెడలోని పుస్తెలతాడునూ నేరుగా తాకే నిర్ణయాలేమో పేపర్లో ఓ మూల నాలుగు లైన్లుగా వచ్చిపోతాయి. ఆ తర్వాత ఇంట్లో డబ్బు చాలకపోతే అనడానికి సామెత సిద్ధంగా ఉంటుంది: ఇల్లు చూసి ఇల్లాలిని చూడు. నా గొడవంతా ఈ సామెతతోనే.

నూనె సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకాన్ని కేంద్రం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. బతుకమ్మకు అప్పటికి మూడు వారాలు కూడా లేదు. పండుగ పిండివంటల దగ్గర నూనె ప్యాకెట్ ధర చూసి ఉలిక్కిపడ్డాం కానీ, ఆ ధర పెరుగుతుందని ముందే చెప్పిన కాగితం ఒకటుందని ఎంతమందికి తెలుసు?

రైతు కోసమే పెంచామన్నారు. మంచిదే. మన ఇళ్ళల్లోనూ పల్లి పండించేవాళ్ళున్నారు; వాళ్ళకు నాలుగు రూపాయలు వస్తాయంటే మనం రెండు ఎక్కువ పెట్టి కొంటాం. కానీ 2025 ఫిబ్రవరిలో అచ్చంపేట మార్కెట్లో పల్లికి ధర రాలేదని రైతులే గొడవకు దిగారు. కొనే ఇంట్లో భారం పెరిగింది, అమ్మే ఇంట్లో రాబడి పెరగలేదు. ఇందులో ఇల్లాలి దుబారా ఎక్కడుంది?

నూనె ధర పెరిగితే ఒక కూరలో తాళింపు తగ్గించి నెట్టుకొస్తాం. అప్పు అలా కాదు. ఉమ్మడి రాష్ట్రం దీన్ని కళ్ళారా చూసింది. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ మీద ఫిర్యాదులు ముదిరి, అధికారులు యాభై దాకా శాఖలు మూయించారు. అది హెచ్చరిక. ఎవరూ పట్టించుకోలేదు. 2010 నాటికి పల్లెల్లో ఆడవాళ్ళ ఆత్మహత్యల వార్తలు వచ్చాక గానీ, అక్టోబర్ 15న ఆర్డినెన్స్ రాలేదు. మిత్తి అసలును దాటకూడదు, కిస్తీ నెలకోసారే, వసూలు ఇంటి గడప దగ్గర కాదు పంచాయతీ ఆఫీసు దగ్గర అని కట్టడి పెట్టారు. 2011లో అదే చట్టమైంది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా, ఆకులైతే దొరికాయి.

ఇప్పుడా ఆకులు కూడా లేవు. 2022 ఏప్రిల్ నుంచి సూక్ష్మరుణాల వడ్డీకి ఉన్న పరిమితిని రిజర్వు బ్యాంకు ఎత్తేసింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు 2011 చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అప్పులిచ్చేవాళ్ళకు ఈ రెండు సంగతులూ వెంటనే తెలుస్తాయి. సంతకం పెట్టే మనకు ఎవరు చెప్పారు? సంఘం మీటింగులో చెప్పారా? పంచాయతీ గోడ మీద అంటించారా?

అప్పే వద్దని నేననను. ఆస్పత్రికో కాలేజీ ఫీజుకో చేతిలో డబ్బు లేకపోతే పక్క వీధి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోవాలి. పైగా 2022 నిబంధనల్లో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే ఈ అప్పుల్లో, ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వివరాల కార్డు మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలియని హక్కు ఉన్నా లేనట్టే కదా!

ఇంకో మాట మగవాళ్ళకు. ఈ అప్పులు ఎక్కువగా ఆడవాళ్ళ పేరు మీదే ఇస్తారు. డబ్బు బోరుకో బండికో పోతుంది. కిస్తీ రోజున గడపలో నిలబడి మాట పడేది మాత్రం ఆమె. లెక్క అడిగే హక్కు మీకుంటే, లెక్క చెప్పే బాధ్యతా ఉంది.

పెద్ద ఆర్థికవేత్తలు చెప్పేదాకా ఆగక్కర్లేదు, గుర్తులు మన వీధిలోనే కనబడతాయి. ఒక కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు తీస్తున్నారా? కుదువ పెట్టిన బంగారానికి వడ్డీ మాత్రమే కట్టి ఏటేటా తిరగరాయిస్తున్నారా? కిరాణా కొట్టు ఖాతా నెల దాటినా తీరడం లేదా? ఇవి ఒక ఇంట్లో ఉంటే కష్టం అనుకోవచ్చు. పది ఇళ్ళల్లో ఉంటే అది విధానాల తప్పు. అప్పుడు అడగాల్సింది ఇల్లాలిని కాదు, అధికారులను, నాయకులను.

అందుకే ప్రతి సంఘం మీటింగులో పొదుపు లెక్క రాసే ముందు పది నిమిషాలు కేటాయిద్దాం. ఆ నెల మారిన సుంకం, వడ్డీ, నిబంధన ఏదైతే అది చదువు వచ్చిన ఒకరు తెలుగులో చదివి వినిపించాలి. బ్యాంకు నుంచి ఎవరైనా వస్తే మొదటి ప్రశ్న మనదే కావాలి: "సార్, మా ఇంటి కిస్తీలన్నీ కలిపితే ఆదాయంలో సగం దాటుతున్నాయా? ఆ కార్డు తెలుగులో చూపించండి." చూపించేదాకా పెన్ను పట్టొద్దు.