వరిమడి నుంచి పటాన్‌చెరుకు

ఫిలిప్పీన్స్‌లోని లాస్ బన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. 1970ల మొదట్లో అక్కడి మడుల్లో డయాజినాన్ అనే పురుగుమందు వేసి చూశారు. ఒకే మడిలో మళ్లీమళ్లీ వేసేసరికి అది నిలవడం మానేసింది. నీళ్లలో పడ్డ కొద్ది రోజులకే విరిగిపోతోంది. ఎన్. సేతునాథన్, టి. యోషిదా ఆ మడినీళ్లలోంచే ఒక బ్యాక్టీరియాను వేరుచేసి 1973లో ప్రకటించారు. డయాజినానే దానికి తిండి! పారాథియాన్ అనే మరో పురుగుమందు కలిపిన ద్రవంలో వేస్తే ద్రవం పసుపెక్కుతుంది. మందు విరిగిందని గుర్తు. ఆ పసుపు పారా నైట్రోఫినాల్‌ది, అదీ విషమే. దాని జోలికి మాత్రం ఈ బ్యాక్టీరియా పోదు. ‘విషం తినే సూక్ష్మజీవి’ అంటూ శీర్షికలు పెట్టేవాళ్లు ఈ సంగతి ఎందుకో రాయరు.

అసలు వింత తర్వాత బయటపడింది. మందును విరిచే ఓపీడీ జన్యువు అమెరికాలో దొరికిన వేరే జాతి బ్యాక్టీరియాలోనూ ఉంది, అచ్చు గుద్దినట్టు. రెండింట్లోనూ అది ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయం మీదే ఉంది, కానీ ఆ ప్లాస్మిడ్ల మధ్య పెద్దగా పోలిక లేదు. సరుకు ఒకటే, బండ్లే వేరు. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన దయానంద సిద్ధవట్టం బృందం 2003లో ఈ చిక్కు విప్పింది. ఆ జన్యువుకు అటూ ఇటూ, డీఎన్‌ఏలో చోటు మారగల ముక్కలున్నాయని చూపింది. అలా జన్యువు ఒక ప్లాస్మిడ్ మీంచి ఇంకోదాని మీదికి ఎక్కుతుంది. ప్లాస్మిడ్ ఒక జాతి నుంచి మరో జాతికి చేరుతుంది.

కలుషిత నేల మీద బ్యాక్టీరియా పొడి చల్లితే చాలనేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. బయటి నుంచి తెచ్చింది కొత్త మట్టిలో తరచూ బతకదు. చచ్చేలోపు తన జన్యువును అక్కడి జాతికి అందిస్తేనే పని సాగుతుంది.

అయితే బండికి సరుకు మంచిదా చెడ్డదా అన్న విచక్షణ లేదు. స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వదిలే నీళ్లను పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వెల్లడించింది. 2011 నాటి అధ్యయనంలో అదే ప్రాంతపు నది అడుగు మట్టిలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు ఎక్కువగా కనబడ్డాయి. వరిమడిలో పురుగుమందు ఏ పని చేసిందో ఇక్కడ యాంటీబయాటిక్ అదే చేసింది. రోజూ వచ్చిపడేదాన్ని తట్టుకునే జన్యువున్నదే బతికింది, ఆ జన్యువే పాకింది.

మందుల ఫ్యాక్టరీలు వదిలే నీళ్లలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని కేంద్ర ప్రభుత్వం 2020లో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.