కొరియన్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు రావాలా?

నల్లమాడ పక్క తండాల నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం కలిసి పెడుతున్న పోస్టు ఇది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అప్పుడు మేము హైస్కూలు పిల్లలం. ఇప్పుడు పెనుకొండలో కొన్ని హోటళ్ల బోర్డుల మీద కొరియన్ అక్షరాలు కనిపిస్తాయి. మా తండాల నుంచి ఆ పక్క పనికి పోయేవాళ్లు ఉన్నారు, మాకు తెలిసినంతలో అందరూ కాంట్రాక్టు పనిలోనే. ఆ బోర్డు చదివేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అందుకే ఆన్‌లైన్‌లో కొరియన్ మొదలుపెట్టినాం. విన్న ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు, "ముందు ఇంగ్లీషు సక్కగా నేర్చుకోండప్పా, కొరియన్ తర్వాత సూద్దురు" అని. ఈ మాటను మేము ఒప్పుకోము. ఇంగ్లీషు వచ్చేదాకా ఆగితే మన డిగ్రీ అయిపోతుంది, తలుపు దగ్గరే నిలబడి ఉంటాం.

పాఠాలు ఇంగ్లీషులో చెప్తారు, నిజమే. కానీ ఆ భాష నడక ఇంగ్లీషుది కాదు, మనది. "నానున్ పాబుల్ మొగొయో" అంటే వరసగా నేను, అన్నం, తింటాను. క్రియ చివర్లోనే వస్తుంది. మన గోర్ బోలీలోనూ అంతే, తెలుగులోనూ అంతే. పెద్దవాళ్లతో మనం చివర "అండి" చేర్చినట్టు వాళ్లు "యో" చేరుస్తారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే ఈ వాక్యాన్ని ఒకసారి తలకిందులు చేసి, మళ్లీ తిప్పుకోవాలి. మనకెందుకా తిప్పలు?

అక్షరాలకు భయపడొద్దు. 1443లో సెజాంగ్ రాజు కాలంలో తయారైన లిపి అది, చదువు లేని జనం కూడా రాయాలని చేసింది. మూల అక్షరాలు 24 మాత్రమే, 14 హల్లులు, 10 అచ్చులు. హల్లు, అచ్చు కలిసి ఒక గడిలో కూర్చుంటాయి, ఇంకో హల్లు వస్తే మన వత్తులాగా కిందకి పోతుంది. నలుగురం వారంలో బోర్డులు కూడబలుక్కొని చదివే దాకా వచ్చినాం. అర్థం తెలియదు, అది వేరే సంగతి. కష్టమంతా పలకడంలో ఉంది. ఒకే అక్షరం మాట మొదట్లో క, మధ్యలో గ లాగా వినిపిస్తుంది. గంటలు చెప్పడానికి ఒక లెక్క, నిమిషాలకు ఇంకో లెక్క, ఇది మాత్రం తల తినేస్తుంది.

ఇంకో సంగతి. టోపిక్ అనే కొరియన్ పరీక్షలో ప్రశ్నలన్నీ కొరియన్‌లోనే ఉంటాయి. మొదటి పేపరు 200 మార్కులు, 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండోది. మొత్తం ఆరు స్థాయిలు. ఇంగ్లీషు అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

డబ్బు కట్టొద్దు. మా హాస్టల్‌కే ఒకాయన వచ్చి 15 వేలు కడితే కొరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం అన్నాడు. కొరియా ప్రభుత్వం కార్మికులను తీసుకునే ఈపీఎస్ పథకం నేపాల్, శ్రీలంక వాళ్లకు ఉంది, మన దేశానికి లేదు. కింగ్ సెజాంగ్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో సొంతంగా చదువుకునే పాఠాలు ఉచితంగానే పెట్టింది. రెండు నెలలు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని మేమూ చెప్పడం లేదు. తర్జుమా పనికి పై స్థాయిలు కావాలి, దానికి ఏళ్లు పడుతుంది. అయినా మన ఊరి దగ్గర ఫ్యాక్టరీలో తర్జుమా చేసే మనిషి ఎప్పుడూ బయటినుంచే రావాలా?

మా దగ్గర మంచి ఫోను ఒక్కటే ఉంది. రాత్రి స్టడీ అవర్ అయినాక దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చుంటాం. ఇంగ్లీషు కాస్త తెలిసినవాడు చదువుతాడు, ఇంకొకరు గోర్ బోలీలో చెప్తారు, అందరం తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. ఆ నోట్సు ఫొటోలు ఈ గ్రూపులోనే పెడతాం. ఎరుకల, యానాది తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ భాషలో మాటలు పక్కన రాసి పంపండి. హాస్టళ్లలో కంప్యూటర్, నెట్ రోజుకు ఒక గంట ఇమ్మని అడుగుతూ అర్జీ కూడా రాస్తున్నాం, సంతకాలు కావాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి పది అచ్చులతో మొదలుపెడతాం. వచ్చేవాళ్లు కింద పేరు, ఊరు రాయండి. గళ్ల నోట్‌బుక్ ఒకటి తెచ్చుకోండి, గీతల పుస్తకంలో అక్షరాలు సరిగ్గా కుదరడం లేదు.