ఆటగాని ఊపిరికి ఉన్న విలువ కూలివాని ఊపిరికి లేదా?

2017 డిసెంబరు 3వ తేదీన ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో ప్రపంచం ఒక వింత దృశ్యాన్ని చూసింది. భారత్, శ్రీలంక జట్ల మధ్య మూడవ టెస్టు జరుగుతున్నది. రెండవ రోజు భోజన విరామం తరువాత శ్రీలంక ఆటగాళ్ళు ముక్కుకు, నోటికి మాస్కులు కట్టుకొని మైదానంలోకి వచ్చారు. వాన లేదు, వెలుతురు లోపం లేదు. అయినా ఆట ఆగింది. అంపైర్లు వైద్యులను పిలిచి సంప్రదించారు. బౌలర్లు గమాగే, లక్మల్ మైదానం విడిచి వెళ్ళారు. చివరకు భారత జట్టు నాయకుడు కోహ్లీ ఏడు వికెట్లకు 536 పరుగుల వద్ద ఇన్నింగ్సు ముగించవలసి వచ్చింది. నాలుగవ రోజున లక్మల్, మన షమీ కూడ మైదానంలోనే వాంతి చేసుకున్నారు.

ఆట ఆపడం తప్పని ఈ పత్రిక పాఠకులలో ఎవరూ అనరు. మైదానం, వాతావరణం, వెలుతురు ప్రమాదకరంగా ఉన్నప్పుడు ఆటను నిలిపివేసే అధికారాన్ని క్రికెట్ నియమావళి అంపైర్లకు ఇచ్చింది. శ్రీలంక ఆటగాళ్ళు ఆ నియమాన్ని ఆశ్రయించారు. శ్రామికుడు ఎవరైనను తన శరీరాన్ని కాపాడుకొనే హక్కు కలిగి ఉన్నాడు. వారు బంతి విసిరే శ్రామికులు; అంతే తేడా.

కాని ఆనాడు క్రికెట్ బోర్డు తాత్కాలిక అధ్యక్షుడు చేసిన వ్యాఖ్య మాత్రం మనం మరువరానిది. ప్రేక్షకుల గ్యాలరీలో ఇరవై వేల మందికి, భారత జట్టుకు లేని బాధ శ్రీలంక వారికి మాత్రమే ఎందుకు వచ్చిందని ఆయన ఆశ్చర్యం ప్రకటించారు. ఈ తర్కం మనకు కొత్తది కాదు. రాతి క్రషర్ వద్ద, సిమెంటు ఫ్యాక్టరీలో, జిన్నింగు మిల్లులో యాజమాన్యాలు తరతరాలుగా వినిపిస్తున్న తర్కమే ఇది. నూరుమంది దగ్గుతూ పనిచేస్తుండగా నీ ఒక్కడికే ఏమి వచ్చిందని అడగటం! నోరు విప్పనివారి మౌనాన్ని ఆరోగ్యంగా లెక్కగట్టే విద్య అది.

ద్వారకలో అంపైరు ఎవరు?

కోట్లా మైదానానికి నైరుతి దిశలో ద్వారక ఉన్నది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన ఉపనగరమది. సెక్టార్ల వారీగా గృహ సహకార సంఘాల భవనాలు నిలిచాయి. వాటిలో తెలుగు ఉద్యోగుల కుటుంబాలు కూడ ఉన్నాయి. 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి అక్కడ యశోభూమి సమావేశ కేంద్రాన్ని ప్రారంభించారు. 2025 ఆగస్టు 17న ద్వారక ఎక్స్‌ప్రెస్ రహదారి ఢిల్లీ భాగాన్ని ప్రారంభించారు. రిబ్బను కత్తిరించిన చేతుల ఫోటోలు అన్ని పత్రికలలోను వచ్చాయి. ఇనుము వంచిన చేతులకు, సెంట్రింగు కొట్టిన చేతులకు, కాంక్రీటు తట్టలు మోసిన చేతులకు ఫోటోలు లేవు.

ద్వారక సెక్టార్ 8లో వాయు నాణ్యతను కొలిచే ప్రభుత్వ యంత్రం ఒకటి ఉన్నది. సూచీ 400 దాటితే ఆ గాలిని “తీవ్రం” అని ప్రభుత్వమే వర్గీకరించింది. ఆరోగ్యవంతులకు కూడ హాని కలుగుతుందని ఆ వర్గీకరణకు అర్థం. ఆ అంకెను చూచి కోట్లాలో అంపైరు వైద్యుని పిలువగలడు. ద్వారకలో తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలికి అంపైరు ఎవరు? రాత్రంతా అపార్టుమెంటు గేటు వద్ద చలిమంట కాచుకొనే కాపలాదారునికి అంపైరు ఎవరు? మెట్రో స్టేషను బయట సవారీకై వేచియుండే ఆటో కార్మికునికి అంపైరు ఎవరు? మన హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ ఆటో కార్మికుని కుమారుడే. కుమారుడు బంతి విసిరే మైదానంలో గాలి చెడితే అంతర్జాతీయ చర్చ; తండ్రి వంటివారు బతుకు ఈడ్చే రోడ్డుపై గాలి చెడితే అది వార్త కూడ కాదు!

ఆట సాగింది, పని ఆగింది

2019 నవంబరు 1న ఢిల్లీలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పాఠశాలలు మూసివేశారు. నిర్మాణ పనులను 5వ తేదీ వరకు నిషేధించారు. మరి నవంబరు 3వ తేదీ రాత్రి ఏమి జరిగింది? భారత్, బంగ్లాదేశ్ జట్ల టీ–20 పోటీ అదే మైదానంలో యథావిధిగా జరిగింది. దీపాలు వెలిగాయి, టికెట్లు చెల్లాయి, టెలివిజన్ ప్రకటనలు మోగాయి. మరునాడు, నవంబరు 4న, సుప్రీం కోర్టు రాజధాని ప్రాంతమంతటా నిర్మాణాలను నిషేధించింది. పగటి వేళ పనులకు అనుమతి లభించింది డిసెంబరు 9న మాత్రమే. అంటే ఆటకు ఒక్క రాత్రి కూడ విరామం లేదు. తాపీ మేస్త్రీకి, కూలీకి ముప్పది అయిదు దినములు పస్తులు!

గాలిని కాపాడేందుకు పనులు ఆపరాదని మనం వాదించడం లేదు. ఆ దుమ్మును అందరికంటె ముందు పీల్చేది మనవారే. మన ప్రశ్న ఒక్కటే: ఆపిన పనికి మూల్యం ఎవరు చెల్లించాలి? భవన యజమాని గడువు పొడిగించుకుంటాడు. కాంట్రాక్టరు బిల్లులో ఆ నష్టాన్ని కలుపుకుంటాడు. క్రికెట్ బోర్డు 2022లో అయిదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులను 48,390 కోట్ల రూపాయలకు అమ్ముకున్నది. దినకూలికి పొడిగించుకోవటానికి గడువు లేదు, కలుపుకోవటానికి బిల్లు లేదు, అమ్ముకోవటానికి హక్కు లేదు. ఉన్నది పొట్ట మాత్రమే.

కూలీలే పని కావాలని అడుగుతున్నారు గదా అని కొందరు పెద్దమనుషులు అంటారు. ఔను, అడుగుతున్నారు. ఆకలికి, ఉబ్బసానికి మధ్య ఎన్నుకొమ్మంటే ఉబ్బసాన్ని ఎన్నుకుంటున్నారు. దానిని స్వేచ్ఛ అని పిలవడం సిగ్గుచేటు.

సెస్సు ఉన్నది, చేతికి రాదు

నిధి లేదనే సాకు చెల్లదు. 1996 నాటి చట్టాల ప్రకారం నిర్మాణ వ్యయంలో కనీసం ఒక శాతం సెస్సుగా వసూలు చేసి నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వినియోగించాలి. ఆ చట్టాలను తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడ ఈ సెస్సును కొనసాగించింది. ద్వారకలోని ప్రతి పెద్ద భవనం పునాదిలోను మన సెస్సు ఉన్నది.

2021 నవంబరు 24న సుప్రీం కోర్టు, పనులు నిషేధించిన కాలానికి ఈ నిధి నుండి జీవనభృతి ఇవ్వవలసిందని రాష్ట్రాలను ఆదేశించింది. ఢిల్లీ ప్రభుత్వం అయిదు వేల రూపాయలు ప్రకటించింది. 2024లో ఎనిమిది వేలన్నారు. ఆ డిసెంబరులో కోర్టు ప్రధాన కార్యదర్శులను పిలిచి నిలదీయగా తేలినదేమిటి? ఢిల్లీలో 90,693 మందికి ఎనిమిది వేలకు గాను రెండు వేలు మాత్రమే చెల్లించారు! 2025 డిసెంబరులో పది వేలని ప్రకటించారు. ప్రకటనలో అంకె ఏటేటా పెరుగుతున్నది. కాని అది నమోదై, తనిఖీ పూర్తయిన కార్మికులకే.

నమోదు ఎట్లా జరుగుతుంది? ఏడాదిలో తొంభై రోజులు పనిచేసినట్లు రుజువు చూపాలి. పాలమూరు నుండి గుంపు మేస్త్రీ వెంట వెళ్ళిన కూలీ పేరు ఏ మస్టరులో ఉన్నది? ఏ కాంట్రాక్టరు సంతకం చేస్తాడు? ఈనాడు ద్వారకలో, రేపు గురుగ్రామ్‌లో, ఎల్లుండి నోయిడాలో పనిచేసేవానికి ఏ రాష్ట్ర బోర్డు దిక్కు? హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీ సరిహద్దులను పొగ గుర్తించదు. భృతి మాత్రం గుర్తిస్తుంది.

పెన్నుపోటుతో మారిన వేదిక

2025 నవంబరులో దక్షిణాఫ్రికా జట్టుతో ఢిల్లీలో జరగవలసిన టెస్టును బోర్డు కోల్‌కతాకు మార్చింది. బదులుగా వెస్టిండీస్ టెస్టును అక్టోబరులో ఢిల్లీకి ఇచ్చింది. నవంబరు పొగయే ఇందుకు కారణమని క్రీడా విలేఖరులు రాశారు. మంచిదే. 2016 నవంబరులో పొగ మూలంగా హైదరాబాదు–త్రిపుర జట్ల రంజీ ఆట ఢిల్లీ కర్నైల్ సింగ్ మైదానంలో సాగక ఆటగాళ్ళు వెనుదిరిగిన అనుభవం కూడ ఉన్నదే. విదేశీ జట్టుకు వేదిక మార్చటానికి ఒక పెన్నుపోటు చాలినప్పుడు, కార్మికునికి వేతనంతో కూడిన విరామమివ్వటానికి ఇన్ని కోర్టులు, ఇన్ని ఆదేశాలు ఎందుకు చాలటం లేదు?

ఢిల్లీలో క్రీడలకు, కూలికి గల సంబంధం న్యాయస్థానమెక్కటం కూడ కొత్త కాదు. 1982 ఆసియా క్రీడల నిర్మాణాలలో రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనంలో జమాదార్లు రూపాయి కాజేశారు. కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయించటం వెట్టిచాకిరీయేనని, అది రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమని సుప్రీం కోర్టు ఆ ఏడాది సెప్టెంబరులో తీర్పు చెప్పింది. నిర్బంధించేది సంకెళ్ళే కానక్కరలేదు, ఆకలి కూడ నిర్బంధమేనని ఆ తీర్పు సారాంశం. విషపు గాలిలోకి మనిషిని నెట్టే ఆకలికి మాత్రం వేరే పేరున్నదా?

మన కోర్కెలు

1. సూచీ “తీవ్రం” స్థాయికి చేరిన దినములలో ఆరుబయట పనులన్నీ వేతనంతో నిలపాలి. అత్యవసర పనులలోని వారికి మాస్కులు, తగ్గించిన పనిగంటలు, అదనపు వేతనం ఇవ్వాలి.

2. నిర్మాణ నిషేధపు ప్రతి దినానికీ పూర్తి కనీస వేతనం సెస్సు నిధి నుండి వారం లోపల చెల్లించాలి.

3. నమోదుకు కాంట్రాక్టరు సంతకం షరతు కారాదు. సంఘం ధృవపత్రం చెల్లాలి. లేబర్ అడ్డాల వద్దనే నమోదు జరగాలి. ఒక రాష్ట్రపు కార్డు రాజధాని ప్రాంతమంతటా చెల్లాలి.

4. పారిశుద్ధ్య, కాపలా, రవాణా కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు ఉచితంగా జరపాలి.

కార్మిక సోదర సోదరీమణులారా! కోట్లాలో శ్రీలంక ఆటగాళ్ళలో ఒక్కడే మాస్కు కట్టి ఉంటే వానిని బలహీనుడని నవ్వేవారు. పలువురు కలిసి కట్టినందువల్లనే ఆట ఆగింది. మనం నేర్వవలసిన పాఠం అదే. ద్వారక అడ్డాలలోని తెలుగు కూలీ, బీహారీ మేస్త్రీ, బెంగాలీ సహాయకుడు ఒకే జట్టుగా నిలిచిన నాడు అంపైరు మన మాట కూడ వింటాడు.