చికిత్సను సగంలో ఆపనివ్వవద్దు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకిందని వైద్యులు చెప్పగానే మన ఇళ్లలో తరచు ఒకే మాట వినిపిస్తుంది: “ఇక చేసేదేముంది, అల్లాహ్ మీద భారం వేసి ఇంటికి తీసుకుపోదాం.” ఈ మాటతో మేము ఏకీభవించలేము. భారం అల్లాహ్ మీద వేయవలసిందే. అయితే చేతిలో ఉన్న చికిత్సను పూర్తిగా చేయించిన తరువాత.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలు ఈ వ్యాధి బారిన పడ్డారు. దాదాపు 80 వేల మంది మరణించారు. వ్యాధి కటిభాగంలోని లింఫ్ గ్రంథులకో, పొత్తికడుపులో బృహద్ధమని పక్కనున్న గ్రంథులకో పాకితే 2018 నుంచి దానిని 3సి దశగా పరిగణిస్తున్నారు. ఆ పేరు వినగానే ఆశ వదులుకోనక్కరలేదు. ఈ దశలో సైతం వ్యాధిని పూర్తిగా నయం చేయాలనే లక్ష్యంతోనే వైద్యులు చికిత్స చేస్తారు.

మన వాళ్లు “కరెంటు పెట్టడం” అని పిలిచే రేడియేషన్ ఈ చికిత్సకు మూలం. వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు బయటి నుంచి కిరణాలు ఇస్తారు. వారానికొకసారి సిస్‌ప్లాటిన్ మందు ఎక్కిస్తారు. వాచిన గ్రంథులకు అదనపు మోతాదు ఇస్తారు. బృహద్ధమని పక్కకు పాకితే కిరణాల పరిధిని పైకి పెంచుతారు. ఆపైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. ఇదంతా 8 వారాల్లో ముగియాలి. ఎంత ఆలస్యమైతే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం అంత పెరుగుతుంది.

అయినా ఎందరో తల్లులు సగంలోనే ఆగిపోతున్నారు. విరేచనాలు, నీరసం మొదలుకాగానే “కరెంటు పడలేదు” అని మానిపిస్తున్నాము. పసిపిల్లలకు సోకుతుందేమోనని ఆమెను దూరంగా ఉంచుతున్నాము. బయటి నుంచి ఇచ్చే కిరణాలు శరీరంలో నిలిచి ఉండవు. మనవడిని ఎత్తుకున్నా ఏమీ కాదు. ఇక రమజాన్ వస్తే ఉపవాసం మానడానికి ఆమె మనసొప్పదు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు హాని చేయకుండా నీరు బాగా అందాలి. చాలాచోట్ల కిరణాలకు ముందు మూత్రాశయం నిండేలా నీళ్లు తాగమంటారు కూడా. రోగికి ఉపవాసం నుంచి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపును ఆమెకు గుర్తుచేయవలసింది ఇంటి పెద్దలే.

తప్పంతా కుటుంబాలదే అనడం మాత్రం న్యాయం కాదు. రేడియేషన్ యంత్రాలు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. చికిత్స ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ వంటి పథకాలున్నా, వారాల తరబడి గది అద్దె, భోజనం, పోయిన కూలి పేద కుటుంబం మీదే పడుతున్నాయి. శరీరాన్ని పరపురుషుని ముందు ఉంచవలసి వస్తుందన్న సంకోచాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం కంటే, ఒక మహిళా సిబ్బందిని తోడుంచడం తేలిక. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. చికిత్స వివరాలు ఆ భాషలో చెప్పమని కోరడం దయాభిక్ష కాదు, హక్కు.

వ్యాధి సోకిన స్త్రీలలో 90 శాతం మందికి 2030 నాటికి చికిత్స అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యం పెట్టింది. మొదలుపెట్టిన చికిత్స పూర్తయితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. అందుకే క్యాన్సర్ ఆసుపత్రుల చెంత ఉచిత వసతి, రోజువారీ ప్రయాణభత్యం కల్పించాలని ప్రభుత్వాలను మేము డిమాండ్ చేస్తున్నాము. మసీదు కమిటీలు, జకాత్ నిధులు నిర్వహించేవారు కూడా ఒక మాట ఆలోచించాలి: కఫన్ ఖర్చుకు వెంటనే ముందుకొచ్చే చేతులు, అంతకు ముందే ఆమె 8 వారాల బస్సు చార్జీలకు ఎందుకు రాకూడదు?